గోదారిని నీళ్లమీంచి చూస్తే...

రైలు కిటికీలోంచి మూడు నిమిషాలు. పుష్కరఘాట్ మెట్లమీంచి మూడు మునకలు. మనలో చాలామందికి రాజమండ్రి గోదావరితో ఉన్న పరిచయం అంతే! ఆ నదినే ఓ చిన్న నావలో కూర్చుని, తెడ్డు చప్పుడు వింటూ, ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తే ఎలా ఉంటుంది? శీతాకాలం పొద్దున్నే కోటిలింగాల రేవు నుంచి ధవళేశ్వరం దాకా చేసిన ఆరేడు కిలోమీటర్ల ప్రయాణం ఇది.

*

పొద్దున్న ఆరు కావస్తోంది. కోటిలింగాల రేవులో అప్పటికే కార్తీకమాసమంత సందడి. తడిబట్టలతో వణుకుతూ మెట్లెక్కుతున్నవాళ్లూ, అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నవాళ్లూ, 'నీళ్లు చల్లగా ఉన్నాయా?' అని దిగినవాళ్లను అడుగుతూ గట్టుమీదే నిలబడిపోయినవాళ్లూ... ఆ హడావుడికి కాస్త ఎడంగా, మంచులో మసగ్గా, ఓ నావ మా కోసం ఎదురుచూస్తోంది.

నావంటే పెద్దదేం కాదు. నలుగురు కూర్చుంటే నిండిపోయే చేపల నావ. ఇంగ్లిషువాళ్లు 'కనూ' అని మురిపెంగా పిలుచుకునేదానికి మన తాటిదోనె దగ్గరి చుట్టమైతే, ఈ నావ దూరపు చుట్టం. ఇంజన్ లేదు. ఒక చివర తెడ్డు పట్టుకుని ఆవిడ, రెండో చివర గెడతో ఆయన. ఆయనకు అరవై ఉంటాయి. వాళ్లిద్దరూ రోజూ చేసే పనే అది. ఆవిడ తెడ్డేస్తే ఆయన వల విసురుతాడు. ఇవాళ వల బదులు నేనూ, మా ఫొటోగ్రాఫరూ!

"లైఫ్ జాకెట్లు ఏసుకోండి బాబూ. ఈత వచ్చినా సరే ఏసుకోండి" అన్నాడాయన, మేం కాలు పెట్టకముందే. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయిన దగ్గర్నుంచి ఈ మాట చెప్పకుండా ఎవర్నీ ఎక్కించుకోడట.

జాకెట్టు బిగించుకుని కూర్చున్నాక నావలో ఏమేం ఉన్నాయో చూశాను. మడతపెట్టిన వల, నీళ్లు తోడిపోసే డొక్కు గిన్నె, టిఫిన్ క్యారేజీ, ఓ మూలన... ఇరవై లీటర్ల వాటర్ టిన్ను! గోదావరి మీద పుట్టి గోదావరి మీద పెరిగినవాళ్లు, గోదావరి మీదే తిరుగుతూ తాగడానికి టిన్ను కొనుక్కుంటున్నారు. అడుగుదామనుకున్నాను. ఈలోగా గెడ ఒక్క తోపు తోసింది. గట్టు మెల్లగా వెనక్కి జరిగింది.

గట్టు వదిలితే...

పది తెడ్లు వేసేసరికి ఊరి చప్పుడు సగం తగ్గింది. మరో పది వేసేసరికి గుడి మైకు మాత్రమే వినిపిస్తోంది, అదీ నీళ్లలోంచి వస్తున్నట్టు. వెనక్కి తిరిగి చూస్తే ఎగువన 2015లో రాకపోకలు మొదలైన నాలుగో వంతెన మంచులో గీత గీసినట్టుంది. ముందుకు చూస్తే నీళ్లే నీళ్లు. మహారాష్ట్రలో త్ర్యంబకం కొండల్లో పుట్టి, 1465 కిలోమీటర్ల దారిలో ఇంచుమించు అంతా నడిచేసి, ఇక్కడికొచ్చేసరికి కిలోమీటర్ల కొద్దీ వెడల్పుతో విశ్రాంతిగా పరుచుకున్న నది. ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోకముందు ఒక్కటిగా ఉంటుంది కాబట్టే ఇక్కడ దీన్ని అఖండ గోదావరి అంటారు.

ఆ పొద్దుటి పూట మేం ఒక్కళ్లమే ఉన్నామనుకుంటే పొరపాటే. ఇసుక పడవలు బారులు తీరి ఉన్నాయి. లంగరేసిన పడవ పక్కన మనిషి గుండెలనిండా గాలి పీల్చుకుని బకెట్‌తో మునుగుతాడు. ఎక్కడికి పోయాడా అని మనం కంగారుపడుతుంటే ఇసుక నింపిన బకెట్‌తో పైకి తేలతాడు. పడవమీద ఉన్నవాడు దాన్ని లాగి కుమ్మరిస్తాడు. మళ్లీ మునక. గట్టుమీద భక్తులు పుణ్యం కోసం మూడు మునకలు వేస్తుంటే, ఇక్కడ వీళ్లు కూలి కోసం లెక్కపెట్టకుండా వేస్తున్నారు. ఊళ్లో లేచే ప్రతి అపార్టుమెంటులోనూ ఇలాంటి మునకలు ఎన్ని ఉంటాయో!

ఇంకాస్త దూరంలో నీటికాకులు. వెదురు కర్రల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ, ఉతికి ఆరేసిన నల్లగొడుగుల్లా కూర్చున్నాయి. మా నావ దగ్గరకొచ్చినా కదల్లేదు. "అవీ మావాళ్లేనండి" అని నవ్విందావిడ. "చేపలకోసం మాకన్నా ముందే లేస్తాయి."

ఊరి పెరడు

రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరం అని పాతపేరు తిరిగొచ్చినా జనం నోట్లో రాజమండ్రే. అటువంటి ఊరు నీళ్లమీంచి ఎలా కనిపిస్తుందంటే... ముందు గుళ్లు. మార్కండేయస్వామి గుడి, కోటిలింగేశ్వరస్వామి గుడి, రేవురేవుకీ ఓ గోపురం. గుళ్ల కింద మెట్లు, మెట్ల మీద జనం. ఎవరో గీసి రంగులు నింపిన బొమ్మలా ఉంటుంది. మా ఫొటోగ్రాఫర్ కెమెరా దించలేదు.

నావ గట్టుకు దగ్గరగా వెళ్లినప్పుడు బొమ్మ మారింది. ముందు తెలిసింది ముక్కుకి. తర్వాత కంటికి. ఒకచోట గట్టు కింద నుంచి నల్లటి నీళ్లు నదిలోకి దిగుతున్నాయి. గోదావరి రంగు అక్కడ రెండుగా చీలిపోయింది. ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు బొగ్గునలుపు. ఆ రెండూ కలిసేచోట నురగ, నురగలో చెప్పుల జత, థర్మోకోల్ ముక్కలు, పూలదండలతో సహా మూతికట్టిన ప్లాస్టిక్ కవర్లు, పగిలిన దేవుడి పటం. పటం ఇంట్లో పగిలితే చెత్తబుట్టలో వేయకూడదని గోదాట్లో వేస్తారు. వేసినవాళ్లకు భక్తే. తీసుకున్న గోదావరికి మాత్రం అదీ చెత్తే.

ఊరి మురుగును మోసుకొచ్చే కాల్వల్లో నల్లా చానల్, ఆవ చానల్ పేర్లు రాజమండ్రిలో అందరికీ తెలుసు. మురుగు శుద్ధిచేసి వదలాలన్న మాటా ఏళ్ల తరబడి వింటున్నదే. కానీ వినడం వేరు, తెడ్డుకు చుట్టుకున్న కవరును ఆవిడ చేత్తో విడదీస్తుంటే పక్కన కూర్చుని చూడటం వేరు. అరకిలోమీటరు లోపల మూడుసార్లు విడదీసింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అలవాటైపోయిందేమో. నాకు బాధనిపించింది అక్కడే!

అప్పుడడిగాను టిన్ను సంగతి.

"మా నాన్న హయాంలో దోసిలి పట్టి తాగేవాళ్లం బాబూ. వరదొచ్చి ఎర్రనీళ్లయినా సరే, బిందెలో ఇండుపగింజ అరగదీస్తే తేరుకునేవి. ఇప్పుడు నడిగోదాట్లో అయితే ఎప్పుడైనా గొంతు తడుపుతాను. గట్టు పక్క మాత్రం తాగను. మనవలకు అసలు పట్టను" అన్నాడాయన.

మురుగు కలిసినా ఇంత పెద్ద నది కొట్టుకుపోనివ్వదా అనుకుంటాం. వరదల్లో అయితే నిజమే. కానీ ఈ కాలంలో గోదావరి ఇక్కడ పారదు, నిలబడుతుంది! దిగువన ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు మూసి, వెనకున్న నీటిని డెల్టా కాల్వలకు మళ్లిస్తారు. కాబట్టి వానలు వెళ్లిపోయాక రాజమండ్రి ముందున్నది నది రూపంలో ఉన్న పెద్ద చెరువు. చెరువులో వేసింది చెరువులోనే తిరుగుతుంది. ఊరు తాగేదీ ఈ గోదావరి నీళ్లే. శుద్ధిచేసే ఇస్తారు, సరే. కానీ మనం వదిలినదాన్నే మనం తోడుకుంటున్నామన్న మాటైతే అబద్ధం కాదు.

మూడు వంతెనలు... ఒక రూపాయి

మనసు చేదెక్కినప్పుడు తల పైకెత్తితే చాలు, రాజమండ్రి గోదావరి ఓదారుస్తుంది. ఎదురుగా వంతెనలు! నీళ్లమీంచి చూస్తే తప్ప వాటి ఎత్తూ పొడవూ అర్థంకావు.

అందరికన్నా పెద్దది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలైంది, 1900లో రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు పెట్టారు. 56 ఖానాలతో దాదాపు పావుతక్కువ మూడు కిలోమీటర్లు. అది వచ్చేదాకా మద్రాసు వైపు నుంచి కలకత్తా పోయేవాళ్లు ఒడ్డున రైలు దిగి, పడవలో గోదారి దాటి, అవతల మళ్లీ రైలెక్కాల్సిందే. నిండుగా తొంభై ఏడేళ్లు పనిచేసి 1997లో రిటైరైంది. ఇప్పుడు దానిమీద రైళ్లు లేవు. రాతి స్తంభాల చుట్టూ నీళ్లు గుసగుసలాడుతుంటాయి, పగుళ్లలో రావిమొక్కలు మొలిచాయి. కింద నుంచి పోతుంటే పాత కోటలోకి వెళ్తున్నట్టే ఉంటుంది. దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న మాట చాలాకాలంగా ఉన్నదే. 2025 జూన్‌లో 'అఖండ గోదావరి' పేరుతో ఆ పథకానికి శంకుస్థాపన కూడా జరిగింది.

రెండోది 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన బస్సులు. రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైచిలుకే. దీని గురించి మా నావ పెద్దాయన దగ్గర వేరే చరిత్ర ఉంది. "మా నాన్న కొవ్వూరు గోష్పాదరేవు నుంచి ఈ రేవుకి జనాన్ని దాటించేవోడు. పెళ్లివారు, పెళ్లికూతురు, సామాను, మేకలు... అంతా పడవమీదే. ఈ వంతెన మీద మొదటి బస్సు పోయినరోజు ఊరంతా పండగ. మా ఇంట్లో మాత్రం పొయ్యి ఎలిగించలేదు. నేను చిన్నోణ్ణి. ఎందుకు ఎలిగించలేదో తర్వాతెప్పుడో తెలిసింది." ఆ తర్వాతే వాళ్ల నాన్న వల పట్టాడట. వంతెన ఊరికి మంచి చేసింది. కాదనడానికి లేదు, ఆయనా అనలేదు.

మూడోది హేవలాక్‌కు బదులుగా 1997 నుంచీ రైళ్లను మోస్తున్న ఆర్చి వంతెన. ఇరవై ఎనిమిది విల్లులు వరసగా! రాజమండ్రి బొమ్మ అంటే ఇప్పుడు అదే. క్యాలెండర్ల మీద, స్వీటు డబ్బాల మీద, పెళ్లి ఆల్బమ్‌ల మీద.

మేం దానికింద ఉండగానే రైలొచ్చింది. ముందు నీళ్లు సన్నగా వణికాయి, తర్వాత చప్పుడు, ఆ తర్వాత తలమీద ఆకాశమంతా రైలే! కిటికీల్లోంచి చేతులు బయటికొచ్చాయి. టప్... టప్... అక్కడక్కడా నీళ్లమీద చిన్న చప్పుళ్లు. రూపాయి బిళ్లలు! ఓ నాణెం మా నావకు రెండు బారల దూరంలో తళుక్కుమని మునిగింది. ఆ వెనకే ఇంకేదో తేలుతూ దిగింది. ఇడ్లీ తిన్న ప్లాస్టిక్ ప్యాకెట్టు. రైలు వెళ్లిపోయింది.

రూపాయి వేసి దండం పెట్టిన చెయ్యీ, ప్యాకెట్టు విసిరిన చెయ్యీ ఒకే కిటికీవి అయ్యుంటాయా? చెప్పలేను. కానీ చిన్నప్పుడు మా అమ్మ చేతికిచ్చిన పావలా ఇదే గోదాట్లో వేసి, అదే ప్రయాణంలో అరటితొక్కలూ కాగితం పొట్లాలూ కూడా వేసిన గుర్తు నాకుంది. వేసినవాటిలో ఏది ఏమైందో అప్పుడు చూడలేదు. ఇప్పుడు కింద కూర్చున్నాను కాబట్టి చూశాను.

నాణేలు ఏమవుతాయంటారా? రేవుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడుస్తుంటారు. ఇప్పటి స్టీలు బిళ్లలు టక్కున అతుక్కుంటాయి. గోదారమ్మకు ఇచ్చింది గోదారి పిల్లలకే చేరుతుంది. ప్యాకెట్లకు మాత్రం ఏ అయస్కాంతమూ లేదు.

లంకలో కాసేపు

నడిగోదావరిలో ఇసుకా మట్టీ మేటవేసిన దిబ్బలే లంకలు. రాజమండ్రి ఎదురుగా బ్రిడ్జిలంక, కేతావారిలంక, వెదుర్లమ్మలంక లాంటివి ఉన్నాయి. ఒక లంక దగ్గర నావ ఒడ్డుకు లాగి టిఫిన్ క్యారేజీ విప్పారు. చద్దన్నం, ఉల్లిపాయ, ఎండుచేపల వేపుడు. "మీరు తింటారో తినరో" అని మొహమాటపడింది ఆవిడ. "తినకపోతే ఎలా పిన్నీ!" అన్నాను. అరిటాకు ముక్కలో పెట్టిచ్చింది. పైన సూర్యుడు, చుట్టూ నీళ్లు, ఎదురుగా ఊరు. ఏ హోటల్లోనూ దొరకని ఉపాహారం అది.

గుడిసెలు నాలుగు, వలలు ఆరేసిన గుంజలు, సొరపాదు, రెండు కుక్కలు. ఇక్కడి జీవితం ఎంత ప్రశాంతమో అనుకోబోయాను. ఆయన ఓ చెట్టు కొమ్మ చూపించాడు. నా తలకన్నా ఎంతో ఎత్తులో ఎండిన చెత్త వేలాడుతోంది. "వరదొచ్చినప్పుడు నీళ్లు అక్కడిదాకా. మూటాముల్లే కట్టుకుని ఊళ్లో బడికి పోతాం. తగ్గాక వచ్చి మళ్లీ గుడిసేస్తాం."

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో వచ్చింది 35 లక్షల పైమాటే. 2022 జులైలో దాదాపు 26 లక్షలు. "ఎనభయ్యారులో నాకు ఇరవయ్యేళ్లు బాబూ. అప్పుడు ఈ గోదారి మీద ఇళ్ల కప్పులు తేలిపోవడం చూశాను. కప్పు మీద కోడిపుంజు. అది కూస్తానే ఉంది, పోతానే ఉంది" అన్నాడు. ఆవిడ తెడ్డు చూస్తూ ఉండిపోయింది.

అంత చేసిన నదిమీద కోపం రాదా? ఆ ప్రశ్నకు ఆయనకు నవ్వొచ్చింది. "గోదారి మన ఇంటికొచ్చేది ఏడాదికోసారి. మనం గోదారి ఇంటికి రోజూ పోతున్నాం కదండీ!"

కాటన్ దొర నీళ్లు

మళ్లీ నావెక్కేసరికి ఎండ పెరిగింది. తెడ్డు నేనూ కాసేపు వేస్తానన్నాను. ఆవిడ ఇచ్చింది. రెండు నిమిషాల్లో నావ గుండ్రంగా తిరిగి కొవ్వూరు వైపు చూడటం మొదలుపెట్టింది. ఇద్దరూ నవ్వారు. తెడ్డు తిరిగి ఇచ్చేశాను.

ధవళేశ్వరం దగ్గరపడే కొద్దీ నీళ్లు అద్దంలా అయిపోతాయి. దూరంగా బ్యారేజీ సన్నని గీతలా కనిపిస్తుంది. దగ్గరకు నావలు పోకూడదు, పోనివ్వరు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఇక్కడ ఆనకట్ట పూర్తిచేశాడు. దానికి ముందు 1833 కరవూ, 1839 తుపానూ ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టేశాయి. ఆనకట్ట తర్వాత ఇదే నేల అన్నపూర్ణ అయింది. పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో కట్టిన ఇప్పటి బ్యారేజీ సుమారు పది లక్షల ఎకరాలకు నీళ్లిస్తోంది. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఓ తెల్లదొర విగ్రహానికి దండలు పడటం వెనక కథ ఇదే.

దీనికో చిన్న వెల కూడా ఉంది. వరదలప్పుడు సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే చేప, పుస్తెలమ్మయినా తినాలనే పులస, బ్యారేజీ దగ్గరకొచ్చి ఆగిపోతుంది. "గేట్ల కింద దొరికినోడిదే అదృష్టం. మాకు పైన గండిపోసలూ, బొచ్చెలూ అంతే" అన్నాడాయన. వంతెన వాళ్ల నాన్న రేవును తీసుకుంది, ఆనకట్ట పులసను తీసుకుంది. అయినా వీళ్లు నదిని వదల్లేదు. ఇప్పుడు మురుగు చేపల్ని తగ్గిస్తోందని ఆయన చెప్పినప్పుడు మాత్రం గొంతు మారింది. వంతెనా, ఆనకట్టా పదిమందికి పనికొచ్చాయి కాబట్టి ఓర్చుకున్నాడు. మురుగు ఎవరికి పనికొచ్చింది?

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. 2015లో మొదటిరోజే పుష్కరఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది ప్రాణాలు పోయిన విషాదం ఈ ఊరు మరచిపోలేదు. అందుకే ఈసారి రేవులు వెడల్పు చెయ్యాలి, దారులు పెంచాలి అన్న ఆలోచనలే అందరిలో. అవీ కావలసిందే. అయితే మెట్లు ఎంత వెడల్పు చేసినా చివరి మెట్టు తర్వాత ఉండేది నీళ్లే. పన్నెండు రోజుల పండగకు లక్షలమందిని పిలిచి మునగమనే ముందు ఆ నీళ్ల సంగతి కూడా చూడాలి కదా.

దిగుతుంటే పెద్దాయన అడిగాడు: "పేపర్లో ఏం రాస్తారు బాబూ?"

"చూసింది రాస్తాను బాబాయ్."

కాసేపు ఆలోచించాడు. "మురుగు సంగతి రాస్తే జనం నావెక్కడానికి రారేమో. రాయకపోతే అది ఆగదు. సరే... రెండూ రాయండి. నడిగోదాట్లో నీళ్లు ఇంకా బాగున్నాయని కూడా రాయండి. అబద్ధం కాదు కదా!"

అబద్ధం కాదు. వెనక్కి వచ్చేటప్పుడు నడిమధ్యలో ఆయన గెడ పక్కనపెట్టి, వంగి, దోసిలితో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. కొంచెం గొంతులో పోసుకున్నాడు కూడా. ఆవిడ మాత్రం నాకు టిన్నులో నీళ్లు గ్లాసులో వంచి ఇచ్చింది.

*

మీరూ వెళ్లాలంటే...

రాజమండ్రికి విజయవాడ నుంచి సుమారు 150, విశాఖ నుంచి సుమారు 200 కిలోమీటర్లు. చెన్నై-హౌరా మార్గంలో వెళ్లే రైళ్లలో చాలావాటికి ఇక్కడ స్టాపు ఉంది. మధురపూడిలో విమానాశ్రయం ఉంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నావ ప్రయాణానికి మంచి సమయం. పొద్దున్న తొమ్మిదిలోపు గాలి తక్కువ, నీళ్లు నిలకడగా ఉంటాయి. వానాకాలంలో, వరద హెచ్చరికలున్నప్పుడు నావ ఎక్కాలన్న ఆలోచనే వద్దు.

అనుమతి ఉన్న బోట్లే ఎక్కండి. పిల్లలకూ పెద్దలకూ లైఫ్ జాకెట్లు తప్పనిసరి.

సాయంత్రం పుష్కరఘాట్‌లో గోదావరి హారతి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడదగ్గవి.

దీపం వదలాలనుకుంటే ఆకుదొప్పలోనే వదలండి. కవరు మాత్రం ఇంటికి తెచ్చుకోండి.